చేపల హాజరు

మా శాఖ పేరు స్థలాల కొలతల సవరణ శాఖ. స్థలాన్ని నేల మీద కొలిచేవాళ్లు వేరే శాఖలో ఉంటారు. కొలిచినదాన్ని కాగితం మీద తప్పుగా ఎక్కించేవాళ్లు ఇంకో శాఖలో ఉంటారు. ఆ తప్పు దిద్దమని వచ్చేవాళ్లు కూర్చోడానికి బల్లలు వేసి, పైన ఫ్యాను పెట్టిన శాఖ మాది. ఆ హాల్లోనే గోడవారగా ఒక గాజుతొట్టి, అందులో కొన్ని బంగారు రంగు చేపలు ఉండేవి. చేపలను చూస్తూ కూర్చుంటే మనిషికి కోపం తగ్గుతుందని వెనకటి అధికారి ఒకాయన ఎక్కడో చదివి, అర్జీదార్ల కోసం దాన్ని కొనిపించాడు. తరవాత ఆయనకు బదిలీ అయింది. చేపలకు కాలేదు.

వాటికి మేత వెయ్యాలని ఎవరి విధుల్లోనూ రాసి లేదు కాబట్టి ఎవరూ వేసేవారు కాదు. ఆ పని హైమవతిగారు తనంతట తానే నెత్తిన వేసుకున్నారు. ఆవిడ మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. అర్జీల సీటు ఆవిడది. నేను ఆవిడ పక్క బల్ల దగ్గర జూనియర్‌ని. ఆవిడ కళ్లజోడు మెడలో దారానికి వేలాడేసుకుని, వచ్చినవాళ్లని పేరు పెట్టి పలకరించి, ఫైలు ఎంతవరకు వచ్చిందో చూడకుండానే చెప్పగలిగిన మనిషి. రిటైర్‌మెంటుకు ఎంతో కాలం లేదు. ఇన్నేళ్ల సర్వీసులో తన పేరు మీద ఒక్క మెమో లేదని ఆవిడకు కొంచెం గర్వం కూడా.

చేపల్లో తోక చిరిగినది ఒకటుండేది. మేత వేసిన చోటికి అది ఈదుకుంటూ వచ్చేసరికి మిగతావి తినేసి పక్కకు తిరిగేవి. హైమవతిగారికి అది కష్టంగా తోచింది. తన బల్ల మీది నొక్కుడు గంట తెచ్చి తొట్టి పక్కన పెట్టారు. రోజూ ముందు గంట నొక్కడం, కాసేపు ఆగడం, తరవాత ఒక మూల మిగతావాటికి, ఇంకో మూల తోక చిరిగినదానికి మేత వెయ్యడం మొదలుపెట్టారు. మొదట్లో చేపలు పట్టించుకోలేదు. ఆవిడా విసుక్కోలేదు. కొన్నాళ్లకు గంట 'టింగ్' మనగానే అన్నీ ఎవరి మూలకు అవి వచ్చి నీటిమీదికి మూతులు పెట్టడం నేర్చుకున్నాయి. తోక చిరిగినది అన్నిటికన్నా ముందు వచ్చేది.

హాల్లో కూర్చున్నవాళ్లకు అదొక కాలక్షేపం. అందరికన్నా ఎక్కువగా చూసింది పైడితల్లి. ఊరి చివర తొంభై ఆరు గజాల స్థలం ఆవిడది. రికార్డులో ఎవరో ఆరు మరిచిపోయి తొమ్మిది గజాలని ఎక్కించారు. గాలివానకు ఇల్లు కూలిపోతే ప్రభుత్వం ఇల్లు మంజూరు చేసింది గానీ, తొమ్మిది గజాల్లో ఇల్లు పట్టదని, కావాలంటే మరుగుదొడ్డి కట్టుకోమని ఇంజనీరు రాసి పంపాడు. అప్పట్నుంచీ టార్పాలిన్ కింద ఉంటూ, కూలి లేని రోజల్లా మా హాలుకు వచ్చి కూర్చునేది.

"ఏటమ్మా, ఈ సేపలు గంట కొడితే ఒచ్చీసినాయి! మీ ఆఫీసులో ఇంకెవులైనా ఒస్తారేటి ఇలగ?" అంది ఒకరోజు.

"నెమ్మదిగా అను పైడితల్లీ, సూపరింటెండెంటుగారు వింటారు" అన్నారు హైమవతిగారు నవ్వుతూ. "నీ స్థలం కొలిచిన రిపోర్టు వచ్చేసింది. ఇక నేను నోటు రాసి, సంతకం చేయించడమే. వచ్చే వారం రా."

ఆ వచ్చే వారమే కమిషనరుగారు తనిఖీకి వచ్చారు.

మా సూపరింటెండెంటు జగ్గారావుగారు పూలగుత్తి పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. కమిషనరుగారు పూలు తీసుకోకుండా నేరుగా హాల్లోకి వచ్చి, అర్జీదార్లను చూసి, "వీళ్లందరి ఫైళ్లూ ఏ దశలో ఉన్నాయి?" అని అడిగారు.

జగ్గారావుగారు నావైపు చూశారు. నేను ఫ్యానువైపు చూశాను. అంతలో, తనిఖీ వల్ల మేత వేళ దాటిపోతోందని హైమవతిగారు వెళ్లి గంట నొక్కారు. చేపలన్నీ పైకి వచ్చి వరసగా నిలబడ్డాయి.

కమిషనరుగారు తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డారు. మళ్లీ నొక్కమన్నారు. మళ్లీ వచ్చాయి. ఆయన మావైపు తిరిగి, "పరిపాలన అంటే ఇదీ!" అన్నారు. "పిలుపు, స్పందన. మధ్యలో జాప్యం లేదు, కొర్రీ లేదు, సెలవు చీటీ లేదు. ఈ కార్యాలయంలో ప్రతిస్పందన సంస్కృతి అనేది ఒకటి ఉందంటే, అది ఈ తొట్టిలోనే ఉంది."

అర్జీదార్ల సంగతి ఆయన మళ్లీ అడగలేదు. జగ్గారావుగారు చేపలవైపు కృతజ్ఞతతో చూశారు.

తరవాత కొద్దిరోజులకే ఉత్తర్వు వచ్చింది. 'మత్స్య ప్రతిస్పందన కార్యక్రమం. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శాఖలోని అన్ని జిల్లా కార్యాలయములందును గాజుతొట్టెలు నెలకొల్పి, చేపలకు గంటానాదమునకు స్పందించుటలో తగు శిక్షణ నిచ్చి, తద్వారా సిబ్బందియందు ప్రతిస్పందన సంస్కృతిని పెంపొందించవలయును.' ఆ కార్యక్రమానికి మా జిల్లా నుంచి హైమవతిగారు నోడల్ అధికారి. ఆవిడ నిర్వహిస్తున్న అర్జీల సీటు మరల ఉత్తర్వులు వెలువడునంతవరకు ఖాళీగా ఉంచడమైనది.

హైమవతిగారు ఆ కాగితం పట్టుకుని జగ్గారావుగారి గదిలోకి వెళ్లారు. వెనకాలే నేనూ వెళ్లాను.

"సార్, చేపల పని ఎంతసేపు! మేత వేసి వచ్చి నా సీట్లో కూర్చుంటాను. కనీసం పైడితల్లి ఫైలు ఒక్కటి పూర్తి చెయ్యనివ్వండి. నోటు రాస్తే చాలు."

"మీరిప్పుడు ఆ సీట్లో లేరు కదమ్మా" అన్నారు జగ్గారావుగారు సౌమ్యంగా. "లేని సీట్లో కూర్చుని నోటు రాస్తే, అది ఎవరు రాసినట్టు?"

"నేనే సార్."

"మీరు లేరంటున్నాను కదా."

అలా పైడితల్లి ఫైలు ఖాళీ సీటు ముందున్న బల్ల మీద ఉండిపోయింది.

చేపల ఫైలు మాత్రం పరుగెత్తింది. ముందుగా హాజరు విధానం వచ్చింది. గంట కొట్టగానే పైకి వచ్చిన ప్రతి చేప ముఖాన్నీ సెల్‌ఫోన్లో ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. మా సిబ్బంది హాజరుకు వాడే యాపే అది; కొంచెం మార్చారు. ఫొటో తీసేటప్పుడు అది ఎదుట ఉన్నది ప్రాణమున్న ముఖమేనని నిర్ధారించుకోడానికి 'కళ్లు ఆర్పండి' అంటుంది. చేపలకు రెప్పలుండవు. పైకి వచ్చి, మూతి చాచి, సూటిగా సెల్‌ఫోన్‌లోకి చూస్తున్న చేపలన్నిటికీ యాప్ గైర్హాజరు వేసింది. ఆ ఇబ్బందిని మేము రాజధానికి రాస్తే, 'ఇతర జిల్లాల నుంచి ఇట్టి ఫిర్యాదు రాలేదు. చేపలకు అవగాహన కల్పించవలసినదిగా సూచించడమైనది' అని జవాబు వచ్చింది.

ఆ తరవాత ఆడిట్‌వారు వచ్చారు. చేపలకు ఇన్నాళ్లూ మేత ఎవరు కొన్నారని అడిగారు. తానే కొన్నానని హైమవతిగారు చెప్పారు. ఆవిడ మెచ్చుకోలు ఆశించారని కాదు గానీ, వాళ్లు రాసుకున్నది వినేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. ప్రైవేటు సొమ్ముతో ప్రభుత్వ చేపలకు ఆహారం ఇవ్వడం ప్రలోభపెట్టడం కిందికి వస్తుందట. ఇకమీదట మేత టెండరు ద్వారానే రావాలి. టెండరు పిలిచారు. ప్రభుత్వ చేపలకు మేత సరఫరా చేసిన పూర్వానుభవం ఉన్నవాళ్లే అర్హులన్నారు. అలాంటివాళ్లు రాష్ట్రంలో ఎవరూ లేరు. కొత్తగా అనుభవం సంపాదించుకోడానికి టెండరు దక్కాలి. కాబట్టి మళ్లీ పిలిచారు.

ఈలోగా గంట మాత్రం ఆపకూడదని చెప్పారు.

"మేత లేకుండా గంట ఎలా కొట్టమంటారు సార్?" అని హైమవతిగారు వీడియో సమావేశంలో లేచి అడిగారు. తెర మీద అన్ని జిల్లాల వాళ్లూ ఉన్నారు. అందరి వెనకా ఒక్కో తొట్టి.

కమిషనరుగారు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. "అమ్మా, మీరు చాలా మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు. ఆహారం కోసం పైకి రావడం ప్రతిస్పందన అనిపించుకోదు. అది అవసరం. విధి పట్ల నిబద్ధతతో, ప్రతిఫలాపేక్ష లేకుండా పైకి వచ్చిననాడే శిక్షణ పరిపూర్ణమైనట్టు. టెండరు జాప్యాన్ని మనం ఒక అవకాశంగా స్వీకరించాలి."

తెర మీదున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. చేపలు అటూ ఇటూ చెదిరాయి.

మర్నాడు గంట కొట్టగానే మా చేపలు ఎప్పటిలాగే ఎవరి మూలకు అవి వచ్చాయి. మూతులు తెరిచి మూస్తూ చాలాసేపు నీటిమీదే ఉన్నాయి. తోక చిరిగినది అన్నిటికన్నా ఆఖర్న కిందికి వెళ్లింది. హైమవతిగారు గంటను జగ్గారావుగారి బల్ల మీద పెట్టేసి, "ఇక నావల్ల కాదు సార్" అన్నారు. ఆనాటి నుంచి గంట ఆయనే కొట్టారు. కొన్నాళ్లపాటు చేపలు వచ్చాయి. తరవాత కొన్ని వచ్చాయి. ఆ తరవాత ఒక్కటీ రాలేదు.

జగ్గారావుగారు నిబంధన తప్పే మనిషి కాదు. విధి నిర్వహణలో అలసత్వానికి సంజాయిషీ కోరుతూ చేపలకు నోటీసు తయారు చేయించారు. చేతికి ఇచ్చే వీల్లేదు కాబట్టి, తలుపుకు అంటించే పద్ధతిలో, అక్షరాలు లోపలివైపుకు ఉండేలా గాజుకు మైదాపిండితో అంటించారు. తెల్లగా కొత్తదేదో కనిపించిందని చేపలన్నీ వచ్చి దాని ముందు గుమిగూడాయి. 'నోటీసు అందినది. చదువుకొనుచున్నవి' అని ఆయన ఫైల్లో రాసుకున్నారు.

పైడితల్లి బల్ల మీద కూర్చుని ఇదంతా చూసింది. "ఏటి బాబూ, ఆటికీ పెట్టరు, మాకూ సెయ్యరు. గంట మాత్తరం కొడతారు" అంది నాతో. వర్షాలు మొదలయ్యాయి. టార్పాలిన్ కింద నీళ్లు చేరుతున్నాయని, మంచం కింద ఇటుకలు పెట్టానని చెప్పింది. నేను వెళ్లి ఖాళీ సీటు ముందున్న ఆవిడ ఫైలును చూసి వచ్చాను. చూడగలిగానంతే. నా సీటు వేరు.

చేపలు మాత్రం చావలేదు. వారాలు గడిచాయి, నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. ఈ సంగతి పై అధికారులకు చేరింది. విచారణకు డిప్యూటీ డైరెక్టరు చక్రపాణిగారు వచ్చారు. తొట్టి ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, కుర్చీలో కూర్చుని, హైమవతిగారిని ఎదురుగా నిలబెట్టారు. నన్ను పక్కన వాంగ్మూలం రాసుకోమన్నారు.

"నిబంధనల ప్రకారం ఈ చేపలు ఈపాటికి చనిపోయి ఉండాలి" అన్నారు. "చనిపోలేదంటే, ఎవరో నిబంధనలు ఉల్లంఘించారన్నమాట. అవునా?"

"అవునండి."

"ఎవరు?"

"నేనేనండి. ఇంటి నుంచి ఉడికిన గుడ్డులో పచ్చసొన తెచ్చి, చిదిమి వేస్తున్నాను."

ఇంత తొందరగా ఒప్పుకుంటారని ఆయన అనుకోలేదు. ఇంకా అడగాల్సిన ప్రశ్నలు చేతిలో చాలా మిగిలిపోయాయి. "సరే. వేస్తున్నప్పుడు గంట కొట్టి వెయ్యొచ్చు కదా? అప్పుడు కనీసం ప్రతిస్పందన అయినా నమోదయ్యేది. గంట లేకుండా మేత వేసి, మీరు కార్యక్రమం మూలాన్నే దెబ్బతీశారు."

"మేత వేసేటప్పుడు నేను కొడితే, వెయ్యనప్పుడు సూపరింటెండెంటుగారు కొడతారండి. అప్పుడు అవి ఏది నమ్మాలి?" అన్నారు హైమవతిగారు. "గంట కొడితే తిండి ఉంటుందని వాటికి నేర్పింది నేను. నా మాట నమ్మి పైకి వచ్చాయి. ఉత్త గంట కొట్టడమంటే అబద్ధమాడినట్టేగా సార్. ఆ అబద్ధం నేను ఆడలేను. అందుకని గంట మానేశాను, తిండి మానలేదు."

చక్రపాణిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకూ ఇంట్లో పిల్లలున్నారు, మనిషి చెడ్డవాడు కాదు. తరవాత కళ్లజోడు పెట్టుకుని, "చేపలకు నమ్మకం అనే అంశం మార్గదర్శకాల్లో లేదు. అది కొట్టేసి మిగతాది రాయండి" అని నాతో అన్నారు.

నేను కొట్టేశాను.

శిక్ష ఉత్తర్వు త్వరగానే వచ్చింది. ప్రభుత్వ చేపలను అనధికారికంగా పోషించినందుకు హైమవతిగారిని తీవ్రంగా మందలించి, ఆ మాట సర్వీసు రిజిస్టర్లో ఎక్కించమన్నారు. నోడల్ అధికారి బాధ్యతల నుంచి తప్పించి, క్రమశిక్షణ చర్య కింద మళ్లీ అర్జీల సీటుకే పంపించారు. స్పందించని చేపలను విధుల నుంచి తొలగించమన్నారు.

సర్వీసు రిజిస్టర్లో ఎర్రసిరాతో రాసిన ఆ పంక్తిని హైమవతిగారు చదువుకున్నారు. "ఇన్నేళ్లకు రాసిందొక్కటీ ఇదా!" అని నవ్వబోయి, నవ్వలేక, పైటచెంగుతో కళ్లొత్తుకున్నారు. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, తన పాత సీట్లో కూర్చుని, ధూళి దులిపి పైడితల్లి ఫైలు విప్పారు. అప్పటికప్పుడు నోటు రాశారు. సంతకం కోసం తానే గది గదికీ తీసుకెళ్లారు. శిక్ష పడిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే, మాటలు పెట్టుకోవడం ఎందుకని ఎవరికి వాళ్లు చూడకుండా సంతకాలు పెట్టేశారు. మా ఆఫీసులో ఒక ఫైలు అంత వేగంగా కదలడం నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రానికి పైడితల్లి చేతిలో కాగితం పడింది.

"ఏటని రాసినారమ్మా?"

"తొంభై ఆరు గజాలు."

"ఇంకోపాలి సదవండి."

"తొంభై ఆరు."

పైడితల్లి కాగితాన్ని జాకెట్లో దాచుకుని, హైమవతిగారి చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తరవాత, "మరి ఆటినేటి సేత్తారమ్మా?" అని చేపలవైపు చూపించింది.

తొలగించిన చేపలను తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని జగ్గారావుగారు చెప్పారు. కానీ ఒక చిక్కుంది. తొలగించబడిన సిబ్బంది తమ అధీనంలో ఉన్న ప్రభుత్వ ఆస్తిని అప్పగించి వెళ్లాలి. తొట్టిలోని నీళ్లు స్టాకులో ఉన్నాయి.

"అయితే చేపల్ని పొడిగా తీసుకెళ్లమంటారా సార్?" అని అడిగాను.

"అది మీ ఇష్టం. నీళ్లు మాత్రం కదలకూడదు" అన్నారాయన.

పైడితల్లి వెళ్లి, ఎదురు టీ కొట్టు నుంచి బిందెడు నీళ్లు, ఒక టీ గరిట తెచ్చింది. నేను చేపలను గరిటతో పట్టి, ఒక్కోదాన్నీ తొట్టి పైనే వంచి నీరంతా ఓడ్చి, బిందెలోకి వదిలాను. జగ్గారావుగారు దగ్గరుండి చూశారు. తోక చిరిగినది గరిటలో ఎగిరి ఆయన చొక్కా మీద నాలుగు చుక్కలు చల్లింది. ఆయన రుమాలుతో తుడుచుకుని, ఆ రుమాలును తొట్టిలోకి పిండారు. బిందెను చంకనెత్తుకుని పైడితల్లి ముందు, గొడుగు పట్టుకుని హైమవతిగారు వెనక, ఆటో ఎక్కారు. ఇప్పుడవి హైమవతిగారి పెరట్లో, బట్టలుతికే గచ్చు పక్కనున్న సిమెంటు తొట్టిలో ఉన్నాయి. పైడితల్లి ఇల్లు పునాదులు దాటి గోడల దాకా వచ్చింది. నేను రెండూ చూసి వచ్చాను.

ఆఫీసులో కార్యక్రమం మాత్రం ఆగలేదు. ఆపమని ఉత్తర్వు లేదు. జగ్గారావుగారు రోజూ ఖాళీ తొట్టి ముందు గంట కొట్టి, నివేదిక పంపుతూనే ఉన్నారు. అందులో 'స్పందించని చేపలు' అనే గడి ఒకటుంటుంది. ఆ గడిలో అంకె ఎంత తక్కువుంటే ఆ జిల్లా అంత ముందు అని రాజధానిలో కంప్యూటరు లెక్కగడుతుంది. మా జిల్లాది ఉత్త సున్నా. రాష్ట్రంలో ప్రథమ స్థానం వచ్చింది. కమిషనరుగారు ప్రశంసాపత్రం పంపి, మిగతా జిల్లాలవారు మా కార్యాలయాన్ని సందర్శించి మెళకువలు నేర్చుకోవలసిందిగా ఆదేశించారు.

మొదట వచ్చినాయన పక్క జిల్లా సూపరింటెండెంటు. తన జిల్లాకు ఆఖరి స్థానం వచ్చిందట. పాపం, మనిషి చిక్కిపోయి ఉన్నాడు. జగ్గారావుగారు ఆయన్ని తొట్టి ముందుకు తీసుకెళ్లి గంట నొక్కారు. నీళ్లు కదల్లేదు. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, గాజులోంచి చాలాసేపు లోపలికి చూశాడు.

"మేత ఏం వేస్తారండి?" అని అడిగాడు.

"మేత వెయ్యమండి."

ఆయన తల ఊపాడు. ఇంకాసేపు చూశాడు. మేము వినకూడదన్నట్టు జగ్గారావుగారి చెవి దగ్గరికి వంగి, "మా దగ్గర ఇంకా ఈ స్థాయికి రాలేదండి. మావి కొంచెం కనపడుతున్నాయి" అన్నాడు సిగ్గుపడుతూ.

జగ్గారావుగారు ఆయన భుజం తట్టారు.

"మొదట్లో మావీ కనపడేవండి" అన్నారు.